నడకకు తోడు: మధుమేహ చరిత్రలో శునకం

పెన్షనర్లు నలుగురు ఒకచోట చేరితే ముందు కరువు భత్యం మాట వస్తుంది, ఆ వెంటనే షుగరు మాట వస్తుంది. "ఫాస్టింగు ఎంత ఉంది? తిన్న తర్వాత ఎంత ఉంది?" అన్న పలకరింపు "క్షేమమా?" అన్న పలకరింపు స్థానాన్ని ఆక్రమించి చాలా కాలమైంది. ఇందులో అతిశయోక్తి లేదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఆ జబ్బు గుమ్మంలో నిలబడి ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షల మంది.

డాక్టరుగారు ఇచ్చే మందుల చీటీలో చివరి పంక్తి సాధారణంగా ఒకటే ఉంటుంది: "రోజూ నడవండి". చీటీలోని మాత్రలన్నీ మారుమాట లేకుండా కొనుక్కుంటాం. ఖర్చులేని ఆ చివరి పంక్తిని మాత్రం మనలో చాలామందిమి అక్కడే వదిలేసి వస్తాం. ఉగాదికో, పుట్టినరోజుకో కొత్త బూట్లు కొని ఉత్సాహంగా మొదలుపెట్టిన నడక మూడో వారానికి వానకో, మోకాలి నొప్పికో, బంధువుల రాకకో ఆగిపోతుంది. నడక మంచిదని తెలియనివారు లేరు. దానిని విడవకుండా సాగించడమే కష్టం. ఈ కష్టానికి కొన్ని దేశాలలో ఒక నాలుగుకాళ్ళ మిత్రుణ్ణి విరుగుడుగా వాడి చూశారు. ఆ ముచ్చట చెప్పబోయే ముందు, మధుమేహానికీ నడకకూ జంతువులకూ ఉన్న పాత బంధాన్ని కొంచెం వెనక్కు వెళ్ళి చూడవలసి ఉంటుంది.

సుశ్రుతుని నూరు యోజనాలు

మన ప్రాచీన వైద్యులు మూత్ర సంబంధమైన వ్యాధులను ప్రమేహాలు అనే పేరుతో ఇరవై రకాలుగా విభజించారు. వాటిలో చివరిదీ, లొంగనిదీ మధుమేహం. రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని వారు ఆనాడే గమనించారు. అతిగా తినడం, కదలకుండా కూర్చోవడం, పగటి నిద్ర ఈ రోగానికి కారణాలని కూడా చెప్పారు. ఉద్యోగ విరమణ తర్వాత మన దినచర్యను చూసి వ్రాశారా అనిపించే జాబితా అది!

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహ రోగికి చెప్పిన వ్యాయామం ఆసక్తికరంగా ఉంటుంది. ధనమూ బంధువులూ లేనివాడు చెప్పులు, గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికొక రాత్రి చొప్పున గడుపుతూ, మునివలె నిగ్రహంతో నూరు యోజనాలు గాని అంతకు మించి గాని నడవాలట. ధనవంతుడైతే చామలు, నివ్వరి బియ్యం, ఉసిరి, వెలగ వంటివి తింటూ లేళ్ళతో కలిసి నివసించాలి. ఆవుల వెంట నిరంతరం తిరగాలి. మరికొందరికి దుక్కి దున్నడం, బావి త్రవ్వడం విధించాడు.

ఇందులో రెండు విషయాలు గమనార్హం. నడక ఈ జబ్బుకు మందు అన్న సంగతి మనకు కొత్తగా పడమటి నుంచి వచ్చింది కాదు. రెండవది, డబ్బున్నవాణ్ణి ఒంటరిగా నడవమనకుండా పశువుల వెంట పంపడం. ఎందుకలా చెప్పాడో గ్రంథంలో వివరణ లేదు గాని, పశువులను కాసినవారికి ఒక సంగతి తెలుసు. ఆవు మేత వెతుక్కుంటూ పోతూనే ఉంటుంది. వెనుక వచ్చే మనిషికి బద్ధకం వేసినా దానికి పట్టదు. దాని వెంట పోవలసిందే. ఈ రహస్యమే మళ్ళీ మన కాలంలో కుక్క రూపంలో ప్రత్యక్షమైంది.

ప్రాణమిచ్చిన కుక్కలు

ఆధునిక మధుమేహ చరిత్ర కుక్కతోనే మొదలవుతుందంటే చాలామందికి ఆశ్చర్యం కలగవచ్చు. 1889లో, అప్పట్లో జర్మనీలో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే వైద్యులు ఒక కుక్కకు క్లోమగ్రంథిని తొలగించారు. వారి ఉద్దేశం జీర్ణక్రియలో ఆ గ్రంథి పాత్ర తెలుసుకోవడం మాత్రమే. కాని ఆ కుక్క ఆపరేషను తర్వాత విపరీతంగా మూత్రం పోయసాగింది. ఆ మూత్రాన్ని పరీక్షిస్తే అందులో చక్కెర ఉంది. మధుమేహానికి మూలం క్లోమంలో ఉందన్న సత్యం అలా బయటపడింది.

ఆ గ్రంథిలోని ఏ పదార్థం చక్కెరను అదుపులో ఉంచుతున్నదో పట్టుకోవడానికి మరో ముప్ఫై ఏళ్ళు పైగా పట్టింది. 1921 వేసవిలో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ సర్జను, ఛార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి, ప్రొఫెసర్ మక్లియోడ్ ఇచ్చిన ప్రయోగశాలలో కుక్కలపై పరిశోధన ప్రారంభించారు. క్లోమం తీసివేసిన కుక్కలకు మరో జంతువు క్లోమం నుంచి తీసిన రసాన్ని ఎక్కిస్తే రక్తంలో చక్కెర తగ్గింది. వాటిలో మార్జొరీ అని పిలిచిన కుక్క, క్లోమం లేకుండానే ఆ రసం బలంతో సుమారు 70 రోజులు జీవించింది.

1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలుడికి మొదటి ఇంజెక్షను ఇచ్చారు. రసం శుద్ధంగా లేనందున ఆశించిన ఫలం రాలేదు. జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త దానిని శుద్ధిచేసిన తర్వాత జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి చక్కెర దిగివచ్చింది. అంతవరకు ఈ రోగం వచ్చిన పిల్లలకు ఉన్న వైద్యమల్లా పస్తులు పెట్టి కొద్ది నెలలు ప్రాణం నిలపడమే. ఆ బాలుడు మాత్రం మరో పదమూడేళ్ళు బ్రతికాడు. 1923లో బాంటింగ్, మక్లియోడ్‌లకు నోబెల్ బహుమతి లభించగా, బాంటింగ్ తన వాటా డబ్బును బెస్ట్‌తోను, మక్లియోడ్ తన వాటాను కాలిప్‌తోను పంచుకున్నారు. పేటెంటు హక్కును బాంటింగ్, బెస్ట్, కాలిప్ తలా ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు.

మనుషుల ఔదార్యం సరే. ఆ ప్రయోగాలలో ప్రాణాలు పోగొట్టుకున్న కుక్కలను ఎవరూ అడగలేదు. నేడు ఇన్సులిన్ తీసుకుంటున్న ప్రతి మనిషీ ఆ మూగజీవాలకు ఋణపడి ఉన్నాడనడం సత్యదూరం కాదు.

రోగి ప్రక్కన కుక్క

ప్రయోగశాల బల్లమీద ఉండే కుక్క రోగి మంచం ప్రక్కకు ఎలా వచ్చిందన్నది వేరే చరిత్ర. 1796లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో విలియం ట్యూక్ అనే క్వేకరు మతస్థుడు మానసిక రోగుల కోసం ఒక ఆశ్రమం తెరిచాడు. గొలుసులతో కట్టివేయడమే వైద్యంగా ఉన్న ఆ రోజుల్లో అక్కడి రోగులకు పెరట్లో కుందేళ్ళను, కోళ్ళను పెంచుకోనిచ్చారు. తరువాత ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగుపై తాను వ్రాసిన ప్రసిద్ధ గ్రంథంలో, దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడని పేర్కొన్నది.

1960 ప్రాంతాల్లో న్యూయార్కులో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఉండేవాడు. ఒకనాడు ఎవరితోనూ కలవని ఒక పిల్లవాణ్ణి తల్లిదండ్రులు అనుకున్న వేళకంటే ముందే తీసుకువచ్చారు. వైద్యుని పెంపుడు కుక్క జింగిల్స్ గదిలోనే ఉంది. అది పిల్లవాడి దగ్గరకు పోయి నాకడం, వాడు భయపడకుండా దానిని దగ్గరకు తీసుకోవడం చూసి ఆయనకు కొత్త ఆలోచన కలిగింది. 1961లో ఈ అనుభవాన్ని తోటి వైద్యుల సభలో చెబితే కొందరు నవ్వారట. ఫీజులో కుక్కకు వాటా ఎంత ఇస్తున్నారని అడిగినవారు కూడా ఉన్నారని చెబుతారు. ఆయన వెనుకాడక 1962లో వ్యాసం ప్రచురించాడు.

1976లో ఎలైన్ స్మిత్ అనే నర్సు అమెరికాలో చికిత్సా శునకాల సంస్థను స్థాపించింది. 1977లో పోర్ట్‌లండులో డెల్టా ఫౌండేషన్ ఏర్పడింది. 1980లో ఎరికా ఫ్రీడ్‌మన్, ఆమె సహచరులు గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్ళిన 92 మందిని ఏడాది పాటు గమనించారు. పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు, లేని 39 మందిలో పదకొండు మంది మరణించారు. కారణం జంతువేనని దీనితో తేలిపోలేదు గాని, వైద్యలోకం ఈ విషయాన్ని సీరియస్‌గా తీసుకోవడం అప్పటినుంచి మొదలైంది.

ఇక్కడ ఒక మాట. చికిత్సా శునకం అంటే ఇంట్లో పెంచుకునే ప్రతి కుక్కా కాదు. కొత్తవారిని చూసి మొరగని, మీదికి దూకని, చప్పుళ్ళకు బెదరని స్వభావం ఉందో లేదో పరీక్షించి, టీకాలన్నీ వేయించి, సంరక్షకుని వెంట మాత్రమే రోగుల దగ్గరకు పంపుతారు. అంధులకు దారి చూపే కుక్క ఒక్క యజమానికే సేవ చేస్తుంది. ఇది నలుగురినీ పలకరించి వచ్చే కుక్క.

నడిచే కాలిలో ఏం జరుగుతుంది?

నడిస్తే షుగరు ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవాలంటే కండరం లోపలికి చూడాలి. కండరానికి తక్షణ శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన కృషి అది. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నాడు. కండరం కదిలినప్పుడల్లా ఈ పదార్థం ఖర్చవుతుంది. దానిని తిరిగి తయారుచేసుకోవడానికి కండరం రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. విశేషమేమంటే, పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా చక్కెరకు తలుపు తీయగలదు. ఇన్సులిన్ చెప్పిన మాట శరీరం వినని రెండవ రకం మధుమేహంలో ఇది ఎంత వరమో వేరే చెప్పనక్కరలేదు.

బోస్టనులో ఎలియట్ జోస్లిన్ అనే వైద్యుడు మధుమేహ చికిత్సను మూడు గుర్రాల రథంతో పోల్చేవాడు. ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం ఆ గుర్రాలు. మూడవ గుర్రం బలమెంతో అంకెలలో తేలింది ఇటీవలి దశాబ్దాలలోనే. 1986లో చైనాలోని దాచింగ్ నగరంలో 577 మందితో మొదలైన అధ్యయనం, 2002లో వెలువడిన అమెరికా అధ్యయనం ఇందుకు దారి చూపాయి. అమెరికాలో వారానికి 150 నిమిషాల వ్యాయామం, మితాహారం, బరువు తగ్గడం ద్వారా జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. మన చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిపై జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. మూడేళ్ళలో మామూలుగా వదిలేసినవారిలో నూటికి 55 మందికి జబ్బు రాగా, నడక, ఆహార నియమం పాటించినవారిలో 39 మందికే వచ్చింది.

2016లో న్యూజిలాండు పరిశోధకులు మరొక చిన్న రహస్యం చెప్పారు. రోజుకొకసారి అరగంట నడవడం కంటే మూడు పూటలా భోజనం తర్వాత పదేసి నిమిషాలు నడిస్తే, తిన్న తర్వాతి చక్కెర ఇంకా బాగా తగ్గింది. రాత్రి భోజనం తర్వాత నూరడుగులు వేయమని మన పెద్దలు చెప్పినది ఊరికే కాదన్నమాట.

మిస్సోరీలో జరిగిన ప్రయోగం

ఇంత తెలిసినా జనం నడవరు. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో రెబెకా జాన్సన్ అనే నర్సింగు ప్రొఫెసరు పట్టించుకున్నది ఈ చిక్కునే. తక్కువ ఆదాయంగల కుటుంబాల ప్రభుత్వ గృహసముదాయాల్లో ఉంటూ, దీర్ఘరోగాలతో బాధపడేవారి దగ్గరకు చికిత్సా శునకాలను, వాటి సంరక్షకులను పంపింది. మొదట వారానికి మూడు రోజులు పది నిమిషాలు. క్రమంగా వారానికి ఐదు రోజులు ఇరవై నిమిషాలు. ఏడాదిపాటు, అనగా 50 వారాలు కొనసాగినవారు సగటున 14 పౌండ్లకు పైగా, అంటే మన లెక్కలో ఆరున్నర కిలోల బరువు తగ్గారు. ఈ ఫలితాలు 2010లో ప్రచురితమయ్యాయి. ఎందుకు మానకుండా వచ్చారని అడిగితే వారు షుగరు గురించి, బరువు గురించి చెప్పలేదు. ఆ కుక్కలకు తమ అవసరం ఉందనీ, వాటిని నడిపించాలి కనుక వచ్చామనీ చెప్పారు.

అదే బృందం వృద్ధుల వసతిగృహంలో మరో పరీక్ష చేసింది. పన్నెండు వారాలపాటు కొందరు శరణాలయం నుంచి తెచ్చిన కుక్కలతోను, కొందరు సాటి మనిషితోను నడిచారు. కుక్కలతో నడిచినవారి నడక సామర్థ్యం 28 శాతం పెరిగింది. మనుషులతో నడిచినవారిది 4 శాతమే. మనుషుల జంటల్లో ఒకరు "ఎండగా ఉందండీ, ఇవాళ వద్దులెండి" అంటే రెండవవారు "సరేలెండి" అనేవారట. కుక్క ఆ మాట అనదు! తోక ఊపుకుంటూ గుమ్మం దగ్గర నిలబడుతుంది. చేతికర్ర వదిలేసి నడిచినవారు కూడా ఉన్నారు.

నాకు ఈ ప్రయోగంలో కనబడిన అసలు విషయం వేరు. ముప్ఫై, ముప్ఫైఐదేళ్ళు మనం వేళకు లేచి, వేళకు బయలుదేరింది ఆరోగ్యం కోసమా? హాజరుపట్టీ ఉంది, మన కోసం ఫైళ్ళు, జనం ఎదురు చూస్తున్నారు. రిటైరైన మర్నాటి నుంచి మనం వెళ్ళకపోతే ఆగిపోయే పని లేదు. మన కోసం ఎదురు చూసేవారు లేరు. నడక ఆగిపోయేది కాళ్ళలో బలం లేక కాదు, ఈ వెలితి వల్లనే. మిస్సోరీ వృద్ధులకు కుక్క ఇచ్చింది మళ్ళీ ఒక డ్యూటీ.

అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. కుక్కతో నడిస్తే మధుమేహం నయమవుతుందని ఎవరూ నిరూపించలేదు. షుగరును తగ్గించేది నడక. ఆ నడకకు మనిషిని బయలుదేరదీసేది కుక్క. 2019లో ఇంగ్లండులోని లివర్‌పూల్ పరిశోధకులు, కుక్కలున్నవారు వారానికి 150 నిమిషాల వ్యాయామం పూర్తిచేసే అవకాశం లేనివారికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేల్చారు. కుక్క ఉండి కూడా నడవకపోతే? 2020లో వెలువడిన స్వీడన్ అధ్యయనం దానికి జవాబు చెప్పినట్లే ఉంది. మధుమేహం ఉన్న కుక్క యజమానులకు ఆ జబ్బు వచ్చే ప్రమాదం, ఆరోగ్యంగా ఉన్న కుక్కల యజమానులకంటే 38 శాతం ఎక్కువగా కనిపించింది. ఒకే ఇంటి బద్ధకం, ఒకే ఇంటి చిరుతిండి ఇద్దరినీ పట్టుకుంటాయని అనుకోవాలి.

మనకు పనికివచ్చేదేమిటి?

మన ఊళ్ళలో ఇటువంటి కార్యక్రమాలు అరుదు. వీధికుక్కల భయంతో ఉదయపు నడక మానుకున్నవారు కూడా మనలో ఉన్నారు. ఆ భయం నిష్కారణం కాదు. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే పావుగంట సేపు ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకాలు పూర్తిగా వేయించుకోవాలి. పెంపుడు కుక్క గోరు గీసుకున్నా షుగరు ఉన్నవారు అశ్రద్ధ చేయరాదు. గాయం మానడం ఆలస్యమవుతుంది.

ఈ వయసులో ఇంకొన్ని జాగ్రత్తలు. సుశ్రుతుడు చెప్పులు లేకుండా నడవమన్నాడు గాని, నేటి వైద్యులు మధుమేహ రోగిని ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగవద్దంటారు. పాదాలలో స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మెత్తటి బూట్లు, నూలు మేజోళ్ళు వేసుకుని, రాగానే అరికాళ్ళు చూసుకోవాలి. ఇన్సులిన్ గాని, షుగరును బాగా దించే మాత్రలు గాని వాడేవారు జేబులో గ్లూకోజు బిళ్ళలో, నాలుగు చక్కెర పలుకులో ఉంచుకోవాలి. చెమటలు, వణుకు వస్తే ఆగి నోట్లో వేసుకోవాలి.

పెద్ద కుక్క గొలుసు చేతికి చుట్టుకోకూడదు. అమెరికాలో 65 ఏళ్ళు దాటినవారిలో కుక్కను నడిపిస్తూ పడి ఎముకలు విరిగినవారి సంఖ్య 2004లో సుమారు 1,670 ఉండగా 2017 నాటికి దాదాపు 4,400కు పెరిగిందని 2019లో ఒక వైద్య పత్రిక ప్రకటించింది. వారిలో అధికులు స్త్రీలు. కాబట్టి లాగని, వయసు మీరిన, చిన్న కుక్కే మనకు తగిన జోడు.

షుగరు కోసం కుక్కను కొనితెచ్చుకోవడం మాత్రం తగదు. అమెరికా హృద్రోగ సంఘం 2013లో ఇదే హెచ్చరిక చేసింది. అది పది పన్నెండేళ్ళ బాధ్యత. మన తర్వాత దాని గతి ఏమిటని కూడా ఆలోచించాలి. కాని మనవడు తెచ్చుకున్న కుక్కను సాయంత్రం బయటకు తీసుకుపోయేవారు లేక ఇంట్లో అది గొలుసుకు గింజుకుంటూ ఉండవచ్చు. ప్రక్కింటివారు ఆఫీసుకు పోతే వరండాలో ఒంటరిగా ఉండవచ్చు. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన మన మిత్రులు ఎందరో అక్కడ చేసినది ఈ పనే. అక్కడ చేయగా లేనిది ఇక్కడ నామోషీ ఎందుకు?

కుక్క అంటే గిట్టనివారికీ మార్గం ఉంది. మర్మం జంతువులో కాక, ఎవరో మన కోసం ఎదురుచూస్తూ ఉండడంలో ఉంది. ఒంటరిగా ఉన్న మన సంఘ సభ్యుని ఇంటికి రోజూ ఆరు గంటలకు వెళ్ళి తలుపు తట్టండి. ఆయన "ఇవాళ వద్దులెండి" అంటే మీరు మాత్రం "సరేలెండి" అనకండి.

మహాప్రస్థానంలో తమ్ములూ భార్యా ఒక్కొక్కరే రాలిపోగా ధర్మరాజు వెంట కడదాకా నడిచింది ఒక కుక్క. దానిని వదిలి స్వర్గానికి రానన్నాడాయన. ఆ కథను చిన్నప్పుడు కుక్క విశ్వాసానికి నిదర్శనంగా చదువుకున్నాం. ఈ వయసులో చదివితే ఇంకొకటి కూడా తోస్తుంది. అంతా పోయాక కూడా ఆయన ఆగిపోకుండా నడిచాడు. ప్రక్కన ఒక తోడుంది.

ఈసారి డాక్టరుగారి చీటీ చేతికి వచ్చినప్పుడు, మాత్రలతోపాటు ఆ చివరి పంక్తిని కూడా ఇంటికి తెచ్చుకుందాం.